ఐకామ్ ఐసీ-7300 ముందు ప్యానెల్: నాబులు, బటన్లు, జాకుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు చేతికొచ్చింది, రేడియో ఇంటికొచ్చింది. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు అసలు పని అప్పుడే మొదలవుతుంది. హెచ్‌ఎఫ్‌లోకి (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే షార్ట్‌వేవ్ బ్యాండ్లలోకి) కొత్తగా వచ్చినవారు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఉదాహరణకు జపాన్‌లోని ఒసాకాకు చెందిన ఐకామ్ సంస్థ 2016లో విడుదల చేసిన ఐసీ-7300ను తీసుకున్నాం. వేరే కంపెనీ రేడియో ఉన్నవారికీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది, ఒక్క మైకు జాక్ విషయం తప్ప.

ఇన్ని బటన్లున్నాయి, మొదట ఏవి నేర్చుకోవాలి?

మొదటి నెలకు ఆరు చాలు: ఏఎఫ్ నాబ్ (శబ్దాన్ని పెంచి, తగ్గించేది), దాని చుట్టూ ఉన్న ఆర్‌ఎఫ్/స్క్వెల్చ్ రింగ్ (ఆర్‌ఎఫ్ గెయిన్ అంటే రిసీవర్ సున్నితత్వం, స్క్వెల్చ్ అంటే సిగ్నల్ లేనప్పుడు హోరును మూసేసే తలుపు), పెద్ద డయల్, మల్టీ నాబ్, పీ.ఆంప్/ఏటీటీ బటన్, ట్యూనర్ బటన్. మిగతావాటిని ప్రస్తుతానికి ముట్టుకోకండి. రేడియో పాడైందంటూ వచ్చే ఫోన్లలో ఎక్కువ శాతం ఏదో ఒక నాబ్ ఉండకూడని చోట ఉండటం వల్లే వస్తాయి. ఏ నాబ్ ఎక్కడుంటే ఏమవుతుందో తెలిస్తే సగం మరమ్మతులు మీరే చేసుకోవచ్చు.

ఇంకో మాట. ఐకామ్ బటన్లలో చాలావాటికి రెండు పనులుంటాయి. తట్టి వదిలేస్తే ఒక పని, ఒక సెకను పాటు నొక్కి పట్టుకుంటే మరో పని. పవర్ బటన్ కూడా అంతే: తడితే ఆన్ అవుతుంది, ఆపాలంటే నొక్కి పట్టుకోవాలి.

రేడియో ఆన్ అయింది, తెర వెలిగింది, కానీ శబ్దమే లేదు. ఏం చూడాలి?

వరుసగా వెళ్లండి. ముందుగా హెడ్‌ఫోన్ జాక్‌లో ఏదైనా ప్లగ్ ఉందేమో చూడండి. అది ఉంటే స్పీకర్ మూగబోతుంది. తర్వాత ఏఎఫ్ నాబ్ పూర్తిగా ఎడమకు తిరిగి ఉందేమో చూడండి.

ఈ రెండూ సరిగా ఉంటే టీఎక్స్/ఆర్‌ఎక్స్ దీపాన్ని గమనించండి. ఆకుపచ్చగా వెలుగుతుంటే స్క్వెల్చ్ తెరిచి ఉన్నట్టు. ఆ దీపం ఆరిపోయి ఉంటే స్క్వెల్చ్ మూసుకుందన్నమాట. బయటి రింగ్‌ను మెల్లగా ఎడమకు తిప్పండి, బ్యాండ్ హోరు బయటికొస్తుంది.

దీపం వెలుగుతున్నా శబ్దం లేకపోతే సిగ్నల్ బలాన్ని చూపే ఎస్-మీటర్ చూడండి. సిగ్నల్ ఏదీ లేకుండానే మీటర్ పైకి వెళ్లి కదలకుండా నిలబడితే ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గిపోయిందని అర్థం. రింగ్‌ను 12 గంటల స్థానం వైపు తీసుకురండి. మీటర్ కిందికి దిగుతుంది, స్టేషన్లు వినిపిస్తాయి. మీటర్ పైకి వెళ్తే సిగ్నల్ బలంగా ఉందని అనుకోవడం సహజం, అందుకే ఇక్కడ కొత్తవారు తికమక పడతారు.

ఒకే రింగ్ ఆర్‌ఎఫ్ గెయిన్‌గా, స్క్వెల్చ్‌గా ఎలా పనిచేస్తుంది?

రింగ్ 12 గంటల దగ్గర ఉన్నప్పుడు గెయిన్ పూర్తిగా ఉంటుంది, స్క్వెల్చ్ తెరిచి ఉంటుంది. అక్కడి నుంచి ఎడమకు తిప్పితే గెయిన్ తగ్గుతుంది, కుడికి తిప్పితే స్క్వెల్చ్ బిగుస్తుంది. సెట్టింగుల్లో దీన్ని స్క్వెల్చ్‌కు మాత్రమే కేటాయించవచ్చు, లేదా ఆటో అని పెట్టవచ్చు. ఆటోలో ఎస్‌ఎస్‌బీ (హెచ్‌ఎఫ్‌లో మాటలకు వాడేది), సీడబ్ల్యూ (మోర్స్), ఆర్‌టీటీవై (టెలిటైప్) మోడ్‌లలో అది ఆర్‌ఎఫ్ గెయిన్‌గా, ఏఎం, ఎఫ్‌ఎంలలో స్క్వెల్చ్‌గా మారుతుంది.

నా దృష్టిలో ఈ ప్యానెల్ మొత్తంలో అందరూ చిన్నచూపు చూసే నాబ్ ఇదే. సాయంత్రం 40 మీటర్ల బ్యాండ్‌లో హోరు ఎస్7 దాకా ఉంటుంది. మీరు మాట్లాడే స్టేషన్ ఎస్9 మీద 10 డెసిబెల్స్ బలంతో వస్తుంటే, అవతలి మనిషి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఏజీసీ (గెయిన్‌ను తనంతట తానే సర్దే ఏర్పాటు) గెయిన్‌ను పెంచి ఆ హోరును మీ చెవుల్లో పోస్తుంది. గెయిన్ తగ్గించి, మీటర్ ఎస్8 దగ్గర నిలబడేలా పెట్టి చూడండి. మాటకు, మాటకు మధ్య నిశ్శబ్దం వస్తుంది. స్టేషన్ బలంలో తేడా ఉండదు. గంటసేపు నెట్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలామంది హ్యామ్‌లు వంతులవారీగా మాట్లాడుకునే చోట) కూర్చునేవారికి తలనొప్పి తగ్గించే చిట్కా ఇది. ఖరీదైన ఫిల్టర్ల గురించి ఆలోచించే ముందు దీన్ని ప్రయత్నించండి.

ఎస్-మీటర్ అంకెలకు అర్థం ఏమిటి?

హెచ్‌ఎఫ్‌లో ఎస్9 అంటే 50 ఓమ్‌ల రిసీవర్ ఇన్‌పుట్ దగ్గర 50 మైక్రోవోల్టులు. అక్కడి నుంచి కిందికి ఒక్కో ఎస్ యూనిట్‌కు 6 డెసిబెల్స్, అంటే వోల్టేజీ సగం అవుతూ వస్తుంది. “9 మీద 20” అంటే వోల్టేజీ పది రెట్లు, 500 మైక్రోవోల్టులు. ఇది ప్రమాణం. మీ రేడియో మీటర్ దాన్ని అచ్చంగా పాటిస్తుందని నమ్మకం పెట్టుకోకండి, ముఖ్యంగా ఎస్3 కంటే కింద. ప్రీఆంప్ (వచ్చే సిగ్నల్‌ను ముందే పెంచేది) వేస్తే మీటర్ పెరుగుతుంది, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించినా పెరుగుతుంది. అవతలివారికి సిగ్నల్ రిపోర్టు ఇచ్చే ముందు ఆ రెండూ ఎలా ఉన్నాయో చూసుకోండి.

పీ.ఆంప్/ఏటీటీ బటన్ ఎప్పుడు నొక్కాలి?

తడితే ప్రీఆంప్ 1, ప్రీఆంప్ 2, ఆఫ్ అని మారుతుంది. నొక్కి పట్టుకుంటే అటెన్యుయేటర్ వస్తుంది, అది సిగ్నల్‌ను 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది. 40, 80 మీటర్లలో ప్రీఆంప్ అవసరం లేదు. ఆ బ్యాండ్లలో ఆకాశం నుంచి వచ్చే హోరే రిసీవర్ సొంత హోరు కంటే చాలా ఎక్కువ. దాన్నీ, సిగ్నల్‌నూ కలిపి పెంచితే లాభమేముంది? 10 మీటర్లలో, 6 మీటర్లలో మాత్రం ప్రీఆంప్ నిజంగా పనికొస్తుంది.

ఈ రేడియో యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ను ముందుగానే అంకెలుగా మార్చేస్తుంది. ఆ మార్పిడి చేసే చిప్‌కు తట్టుకోలేనంత బలం వస్తే తెర మీద ఓవీఎఫ్ అనే ఎర్ర గుర్తు కనిపిస్తుంది. అప్పుడు ప్రీఆంప్ తీసేయండి. అయినా పోకపోతే ఆర్‌ఎఫ్ గెయిన్‌ను ఆ గుర్తు మాయమయ్యేదాకా ఎడమకు తిప్పండి.

డయల్ తిప్పుతున్నా ఫ్రీక్వెన్సీ మారడం లేదు. పాడైందా?

లేదు, తాళం పడింది. స్పీచ్/లాక్ బటన్‌ను ఒక సెకను నొక్కి పట్టుకోండి, తెర మీది తాళంచెవి గుర్తు పోతుంది. అదే బటన్‌ను తట్టి వదిలితే రేడియో ఫ్రీక్వెన్సీని పైకి చదువుతుంది. చూపులేని హ్యామ్‌లకు ఇది పెద్ద సదుపాయం.

బ్యాండ్ ఒక కొస నుంచి మరో కొసకు వెళ్లాలంటే అంతసేపు డయల్ తిప్పాలా?

అక్కర్లేదు. తెర మీద ఫ్రీక్వెన్సీలోని మెగాహెర్ట్జ్ అంకెలను తాకితే బ్యాండ్ల పట్టిక తెరుచుకుంటుంది. కిలోహెర్ట్జ్ అంకెలను తాకితే వాటి పైన చిన్న త్రిభుజం గుర్తు వచ్చి, డయల్ పెద్ద అంగలతో కదులుతుంది. అక్కడే నొక్కి పట్టుకుంటే ఆ అంగ ఎంత ఉండాలో ఎంచుకోవచ్చు. చివరి అంకెను నొక్కి పట్టుకుంటే డయల్ 10 హెర్ట్జ్ నుంచి 1 హెర్ట్జ్ అంగకు మారుతుంది. ఎస్‌ఎస్‌బీలో మాట్లాడేవారికి 10 హెర్ట్జే సుఖం.

వాటర్‌ఫాల్ (బ్యాండ్‌లోని సిగ్నళ్లను గీతలుగా చూపే తెర భాగం) మీద వేలు పెట్టినా స్టేషన్ దగ్గరికి వెళ్లవచ్చు. మొదటి తాకుడుకు ఆ భాగం పెద్దదై కనిపిస్తుంది, రెండోసారి తాకితే ఫ్రీక్వెన్సీ అక్కడికి మారుతుంది. 4.3 అంగుళాల తెర, మన వేళ్లు చిన్నవి కావు కాబట్టి చివరి సవరణ డయల్‌తోనే చేయాలి.

ట్విన్ పీబీటీ నాబులతో ఏం చేయాలి?

పక్క స్టేషన్ మీ మీద పడుతున్నప్పుడు వీటిని వాడండి. లోపలి నాబ్, బయటి రింగ్ కలిపి తిప్పితే వినే కిటికీ (ఫిల్టర్ లోపలికి రానిచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) మొత్తం పక్కకు జరుగుతుంది. ఒక్కదాన్నే తిప్పితే కిటికీ ఒకవైపు నుంచి ఇరుకవుతుంది. తెర మీద ఫిల్టర్ బొమ్మ కదులుతూ కనిపిస్తుంది కాబట్టి చూస్తూ తిప్పండి. పని అయ్యాక పీబీటీ-సీఎల్‌ఆర్ బటన్‌ను నొక్కి పట్టుకుని మొదటికి తెచ్చేయండి. మరిచిపోతే మర్నాడు ఉదయం అన్ని గొంతులూ డబ్బాలోంచి వస్తున్నట్టుంటాయి.

ఎన్‌బీ, ఎన్‌ఆర్, నాచ్: మూడింటికీ తేడా ఏమిటి?

ఎన్‌బీ (నాయిస్ బ్లాంకర్) టపటపమనే శబ్దాలకు. మోటారు సైకిల్ ఇంజను, పాత ఫ్యాన్ రెగ్యులేటర్, విద్యుత్ తీగల మీది నిప్పురవ్వల వంటివాటి నుంచి వచ్చే పల్స్‌లను అది కోసేస్తుంది. పక్కనే బలమైన స్టేషన్ ఉంటే దాన్ని కూడా పల్స్ అనుకుని అందరి గొంతులనూ చెడగొడుతుంది. అవసరం తీరగానే ఆపేయాలి.

ఎన్‌ఆర్ (నాయిస్ రిడక్షన్) ఒకే తీరుగా వచ్చే హోరుకు. స్థాయి 0 నుంచి 15 వరకు ఉంటుంది. 5 దాటితే మాట నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, బలహీన స్టేషన్ హోరుతో పాటే కొట్టుకుపోతుంది. నేను సీడబ్ల్యూలో తప్ప దీన్ని పెద్దగా వాడను.

నాచ్ ఈల వేసే శబ్దానికి. ఎవరో క్యారియర్ (మాట లేని ఖాళీ సిగ్నల్) పెట్టి ట్యూన్ చేస్తుంటే ఆటో నాచ్ దాన్ని చటుక్కున మింగేస్తుంది. సీడబ్ల్యూలో ఆటో నాచ్ ఉండదు, ఉంటే మీరు వినాల్సిన సిగ్నల్‌నే మింగుతుంది మరి. అక్కడ మాన్యువల్ నాచ్ ఉంది.

ఎల్‌ఈడీ బల్బులు, చౌక చార్జర్లు, ఇన్వర్టర్లు పుట్టించే చెత్తకు ఈ మూడింటిలో ఏదీ పూర్తి మందు కాదు. రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. హోరు తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు.

మైక్ గెయిన్, కంప్రెషన్, పవర్ ఎక్కడ మార్చాలి?

కుడివైపున్న మల్టీ నాబ్‌ను నొక్కండి. తెర కుడి అంచున ఒక పట్టీ వస్తుంది. ఎస్‌ఎస్‌బీలో ఉంటే అందులో ఆర్‌ఎఫ్ పవర్, మైక్ గెయిన్, కంప్రెషన్ (మాటలోని మెల్లని భాగాలను పెంచేది), మానిటర్ (మీ ప్రసారాన్ని మీకే వినిపించేది) కనిపిస్తాయి. సీడబ్ల్యూలో ఉంటే కీ వేగం, స్వరస్థాయి వస్తాయి. కావలసినదాన్ని తాకి నాబ్ తిప్పండి.

మైక్ గెయిన్‌కు కొలబద్ద మీ చెవి కాదు, ఏఎల్‌సీ మీటర్ (ట్రాన్స్‌మిటర్‌కు ధ్వని ఎక్కువవుతోందా అని చూపేది). మామూలు గొంతుతో మాట్లాడుతూ, మాట బలంగా పలికినప్పుడు మీటర్ దాని మీద గుర్తు పెట్టిన హద్దులోపలే ఊగేలా పెట్టండి. చేతికి ఎముక లేనట్టు గెయిన్ పెంచేవారి గొంతు పక్క 5 కిలోహెర్ట్జ్ దాకా చిమ్ముతుంది, అవతలివారికి మాత్రం అర్థం కాదు. కంప్రెషన్ 10 డెసిబెల్స్ దగ్గర సరిపోతుంది. ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంటే కంప్రెషన్ ఆ గాలినీ పెంచి పంపుతుందని గుర్తుంచుకోండి.

పవర్ శాతంలో చూపిస్తుంది. ఎస్‌ఎస్‌బీ, సీడబ్ల్యూలలో 100 శాతం అంటే 100 వాట్లు, ఏఎంలో 25 వాట్లు. మన దేశంలో రెస్ట్రిక్టెడ్ శ్రేణి లైసెన్సుకు పవర్ పరిమితి జనరల్ శ్రేణి కంటే తక్కువ. మీ లైసెన్సులో ఎంత ఉందో చూసి ఆ మేరకు తగ్గించి పెట్టుకోవాల్సిన బాధ్యత మీదే. భారతదేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకే అన్నదీ మరువకండి.

ఎస్‌ఎస్‌బీలో మాట్లాడుతుంటే పవర్ మీటర్ 100 దాకా వెళ్లడం లేదేమిటి?

వెళ్లకూడదు. మాటలో ఎత్తుపల్లాలుంటాయి. మాట్లాడకపోతే పవరే ఉండదు. మీటర్ క్షణకాలం పైకి లేచి పడిపోతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. మీటర్‌ను 100 దగ్గర నిలబెట్టాలని మైక్ గెయిన్ పెంచడం కొత్తవారిలో బాగా కనిపించే రోగం.

వేరే రేడియో మైకు దీనికి సరిగ్గా పట్టింది. వాడుకోవచ్చా?

పట్టినంత మాత్రాన వాడకండి. ఐకామ్, కెన్‌వుడ్, యాయేసు కంపెనీలు మూడూ చాలా రేడియోల్లో ఒకే ఆకారపు 8 పిన్నుల గుండ్రటి కనెక్టర్ వాడాయి, లోపలి వైరింగు మాత్రం ఎవరిది వారిదే. ఈ రేడియోలో 1వ పిన్ మైకు, 2వ పిన్‌లో 8 వోల్టులు, 3 ఫ్రీక్వెన్సీ పెంచడానికి, తగ్గించడానికి, 5 పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్), 6 పీటీటీ గ్రౌండ్, 7 మైకు గ్రౌండ్. అదే కెన్‌వుడ్ పద్ధతిలో 1 మైకే గానీ పీటీటీ 2వ పిన్ మీద, 8 వోల్టులు 5వ పిన్ మీద ఉంటాయి. కెన్‌వుడ్ మైకు తెచ్చి దీనికి తగిలించి పీటీటీ నొక్కితే 8 వోల్టుల సరఫరా నేరుగా గ్రౌండ్‌కు తగులుతుంది. యాయేసులో మైకు 8వ పిన్ మీదికి వెళ్లిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. ఐకామ్ 1వ పిన్ మీద మైకు కోసం కొద్దిపాటి డీసీ వోల్టేజీ కూడా పంపుతుంది. రేడియోతో వచ్చే హెచ్‌ఎం-219 మైకుకు అది కావాలి. డైనమిక్ మైకు తగిలించేవారు మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టి ఆ డీసీని ఆపాలి.

హెడ్‌ఫోన్ జాక్ ఎంత సైజు?

3.5 మిల్లీమీటర్ల స్టీరియో. మోనో ప్లగ్ పెట్టకండి.

ట్యూనర్ బటన్ నొక్కితే ఏదైనా యాంటెన్నా పనిచేస్తుందా?

పనిచేయదు. లోపలి ట్యూనర్ 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత పొసగడం లేదో చెప్పే కొలత) వరకే సర్దగలదు, అంటే సుమారు 16.7 నుంచి 150 ఓమ్‌ల వరకు. బటన్ తడితే ట్యూనర్ లోపలికి, బయటికి మారుతుంది. నొక్కి పట్టుకుంటే రేడియో తనే చిన్న క్యారియర్ పంపి రిలేలను టకటకలాడించి సర్దుకుంటుంది. అది పంపే క్యారియర్ బ్యాండ్‌లో అందరికీ వినిపిస్తుంది కాబట్టి ఎవరూ మాట్లాడని చోట చేయండి.

ట్యూనర్ సర్దేది రేడియో చూసే లోడ్‌ను మాత్రమే. డాబా మీది తీగ పొడవు అలాగే ఉంటుంది, కేబుల్‌లో నష్టం అలాగే ఉంటుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని కత్తిరించి సరిచేస్తే ట్యూనర్ అవసరమే పడకపోవచ్చు.

మోర్స్ కీ నొక్కితే నాకు శబ్దం వినిపిస్తోంది, పవర్ మాత్రం వెళ్లడం లేదు. ఎందుకు?

బ్రేక్-ఇన్ (కీ నొక్కగానే రేడియో తనే ట్రాన్స్‌మిట్‌కు మారే సదుపాయం) ఆఫ్‌లో ఉంది. వాక్స్/బీకే-ఇన్ బటన్ తట్టండి. సెమీ అయితే మీరు కాసేపు ఆగాకే రిసీవర్ తెరుచుకుంటుంది. ఫుల్ అయితే చుక్కకు, చుక్కకు మధ్య కూడా వినవచ్చు. బ్రేక్-ఇన్ ఆపి సాధన చేసుకోవడం కూడా మంచిదే, జనరల్ శ్రేణి పరీక్షకు మోర్స్ నేర్చుకునేవారికి ఉచిత ప్రాక్టీస్ ఆసిలేటర్ దొరికినట్టే. ఎస్‌ఎస్‌బీలో ఇదే బటన్ వాక్స్‌గా మారుతుంది, అంటే పీటీటీ అక్కర్లేకుండా గొంతుతోనే ట్రాన్స్‌మిట్ చేస్తుంది. కుక్కర్ ఈలకు కూడా ట్రాన్స్‌మిట్ చేస్తుందని గుర్తుంచుకోండి.

ఆర్‌ఐటీ, డెల్టా టీఎక్స్, స్ప్లిట్: మూడూ ఒకటేనా?

కావు. ఆర్‌ఐటీ మీరు వినే ఫ్రీక్వెన్సీని మాత్రమే జరుపుతుంది, గరిష్ఠంగా 9.99 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ. నెట్‌లో ఒకరు కాస్త పక్కకు ఉన్నారనుకోండి, ఆర్‌ఐటీతో సర్దుకోవాలి. పెద్ద డయల్ తిప్పితే మీ ట్రాన్స్‌మిట్ కూడా కదిలి, అవతలివారు మీకోసం కదిలి, నెట్ మొత్తం మెల్లగా బ్యాండ్ మీద పాకుతుంది. డెల్టా టీఎక్స్ దీనికి తలకిందులు, పంపే ఫ్రీక్వెన్సీని జరుపుతుంది.

స్ప్లిట్ అంటే రెండు వేర్వేరు వీఎఫ్‌ఓలు (ఫ్రీక్వెన్సీ అమరికలు): ఏ మీద వినడం, బీ మీద పంపడం. అరుదైన స్టేషన్ “అప్ ఫైవ్” అంటే తన ఫ్రీక్వెన్సీకి 5 కిలోహెర్ట్జ్ పైన పిలవమని. స్ప్లిట్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే రెండు వీఎఫ్‌ఓలు సమానమై స్ప్లిట్ ఆన్ అవుతుంది. తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీ బటన్ నొక్కి ఉంచి డయల్ తిప్పితే పంపే ఫ్రీక్వెన్సీ మారుతుంది, అక్కడ ఎవరు పిలుస్తున్నారో కూడా వినవచ్చు. అది నొక్కి వినకుండా పిలవడం గుంపులో కళ్లు మూసుకుని కేకలేయడమే.

పని కాగానే స్ప్లిట్ తీసేయండి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచమంతటితో మాట్లాడుతుండగానే డిసెంబరు 26న సునామీ వచ్చింది. అరుదైన స్టేషన్ కోసం ఎగబడిన బ్యాండే గంటల్లో క్షేమ సమాచారాల బ్యాండ్ అయింది. అటువంటి నెట్‌లోకి స్ప్లిట్ ఆన్‌లో పెట్టుకుని వస్తే మీకు అందరూ వినిపిస్తారు, మీరు ఎవరికీ వినిపించరు.

వెనక వైపు ఏమేమి ఉన్నాయి?

యాంటెన్నాకు ఎస్‌ఓ-239 సాకెట్, అందులోకి పీఎల్-259 ప్లగ్. కీకి 6.35 మిల్లీమీటర్ల జాక్, బయటి స్పీకర్‌కు 3.5 జాక్. కంప్యూటర్‌కు యూఎస్‌బీ బీ రకం సాకెట్. ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ పద్ధతులకు ఆ ఒక్క కేబుల్ చాలు, ధ్వని, నియంత్రణ రెండూ అందులోనే వెళ్తాయి. అప్పుడు కంప్రెషన్ ఆపి, ఏఎల్‌సీ మీటర్ కదలీ కదలనట్టుండేలా ధ్వని స్థాయి తగ్గించాలి. ఇవి కాక 13 పిన్నుల అనుబంధ సాకెట్, బయటి ట్యూనర్‌కు 4 పిన్నుల సాకెట్, లీనియర్ ఆంప్లిఫయర్‌కు సెండ్, ఏఎల్‌సీ జాకులు ఉంటాయి. పాత వాల్వు ఆంప్లిఫయర్ రిలేను సెండ్ జాక్‌కు నేరుగా కలపకండి, మధ్యలో విడి రిలే పెట్టండి.

విద్యుత్తు 13.8 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ. పూర్తి పవర్‌లో 21 ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడపాలనుకునేవారు ఇక్కడ జాగ్రత్త. 11.7 వోల్టుల కంటే దిగితే హద్దు దాటినట్టే. నిండిన లెడ్-యాసిడ్ బ్యాటరీ కూడా సన్నటి తీగల మీద 21 ఆంపియర్లు ఇస్తూ అంత వోల్టేజీ నిలబెట్టలేదు. తీగలు లావుగా, పొట్టిగా ఉండాలి, పవర్ 30 శాతానికి తగ్గించాలి. కేబుల్‌లోని ఫ్యూజులను తీగతో చుట్టి సరిపెట్టకండి.

ముందున్న ఎస్‌డీ కార్డు అర దేనికి?

సెట్టింగులు దాచుకోవడానికి, మాటలు రికార్డు చేయడానికి, ముందే రికార్డు చేసిన పిలుపును పదేపదే పంపడానికి, ఫర్మ్‌వేర్ మార్చడానికి. 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ కార్డులు పట్టుకుంటుంది. కార్డును రేడియోలోనే ఫార్మాట్ చేయండి.

అన్నీ తారుమారయ్యాయి. మొదటికి ఎలా తేవాలి?

మెనూలో సెట్, ఆ తర్వాత అదర్స్, రీసెట్ లోపలికి వెళ్లండి. పార్షియల్ రీసెట్ చేస్తే ఫ్రీక్వెన్సీ, ఫిల్టర్లు, సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వస్తాయి, మెమరీ చానెళ్లు మిగులుతాయి. ఆల్ రీసెట్ అన్నీ తుడిచేస్తుంది. ఏది చేసేముందైనా ఎస్‌డీ కార్డులోకి సెట్టింగులు దాచుకోండి. పార్షియల్ రీసెట్ తర్వాత కూడా శబ్దం రాకపోతే పై నుంచి రెండో ప్రశ్నకు వెళ్లండి: నాబుల స్థానాన్ని ఏ రీసెట్టూ మార్చదు.